రైలింజను ఎక్కడుంది?

తిరుపతి

నాయనా,

నీ కథ అందింది. టీ కొట్టు సంభాషణ బాగుంది. కానీ పదకొండో పేజీలో పార్టీ ఫిరాయించిన ఎమ్మెల్యేను జిల్లా కలెక్టరు పదవి నుంచి తీసేశాడని చదివి, కాగితాలు పక్కన పడేసి కాసేపు వరండాలో తిరిగాను.

కలెక్టరుకు ఆ అధికారం ఎక్కడిది? 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, ఆ పనిని స్పీకరు చేతిలో పెట్టింది. గడువు మాత్రం పెట్టలేదు. సాధారణంగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. స్పీకరు బల్ల మీద కదలకుండా పడి ఉండే ఫిరాయింపు ఫిర్యాదు కాగితమే నీ కథ, నువ్వు దాన్ని వదిలేశావు. ఆ నిరీక్షణ ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా తొలి కథ ఒక సంపాదకుడి దగ్గర పద్నాలుగు నెలలు నిద్రపోయింది. చివరికి నేను స్టాంపులు అంటించి ఇచ్చిన కవరులోనే ‘రాజకీయాలు వద్దు, కుటుంబ కథ పంపండి’ అని ఒక్క ముక్క వచ్చింది. గెలిపించినవాళ్లను వదిలి వెళ్లినవాడిది కుటుంబ కథ కాదట!

పార్టీ ఎమ్మెల్యేల్లో మూడో వంతు మంది చీలితే తప్పులేదని నీ లాయరు పాత్ర అంటుంది. ఆ వెసులుబాటు 2003లోనే పోయింది. ఇప్పుడు మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే వేరే పార్టీలో విలీనం. అంటే ఒక్కడు దూకితే ఫిరాయింపు, మంద దూకితే విలీనం.

పార్టీ మారినవాళ్లు మళ్లీ ఎన్నికకు నిలబడాలా అని అడిగావు. నిలబడాలి. అయితే ఓటరు తప్పక చెంప పగలగొడతాడని నీలా రాసెయ్యను. కర్ణాటకలో అనర్హత పడిన 17 మంది ఎమ్మెల్యేల్లో చాలామంది భాజపాలో చేరారు. ఆ 17లో 15 మంది స్థానాలకు 2019 డిసెంబరులో ఉప ఎన్నికలు జరిగితే 12 భాజపాకే దక్కాయి. అయినా అడగాలి. ఏం చెబుతాడన్నది ఓటరు ఇష్టం.

మన ఊరినే చూడు. 2009లో రైలింజను గుర్తు మీద చిరంజీవిని గెలిపించాం. 2011లో ఆయన పార్టీ ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసింది. మనల్ని ఎవరూ అడగలేదు. 2012 జూన్‌లో ఉప ఎన్నిక వచ్చింది గానీ, అది విలీనం వల్ల కాదు, ఆయన రాజ్యసభకు వెళ్లడం వల్ల. ఆ రోజు బైరాగిపట్టెడలో వరుసలో నా వెనక పూలమ్మే అవ్వ ఒకామె నిలబడింది. ఓటేసి బయటికి వచ్చి, ‘రైలింజను ఎక్కడుంది నాయనా? రెండుసార్లు వెతికినా కనబడలేదు’ అంది. ఎన్నికల మీద అన్ని వ్యాసాలు రాసిన నాకు నోరు పెగల్లేదు. ‘మరి దేనికి వేశావవ్వా?’ అన్నాను. ‘అది చెప్పకూడదు కదా’ అని గంప నెత్తిన పెట్టుకుని గోవిందరాజస్వామి గుడి వైపు వెళ్లిపోయింది.

నీ కథలో ఎమ్మెల్యే చేతి గడియారం ఖరీదు కూడా ఉంది. ఇలాంటి అవ్వ ఒక్కతీ లేదు. కలెక్టరును ఇంటికి పంపించి, మళ్లీ రాసి తీసుకురా. తిరుగు స్టాంపులు అక్కర్లేదు.