పాత షాపుల గోడ పగిలింది: బాగు చేయించాలా, పడగొట్టాలా?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి: 1960ల నాటి రెండంతస్తుల బిల్డింగు, కింద నాలుగు షాపులు, వెనక గోడలో మెట్లు మెట్లుగా దిగిన పగులు. కాంట్రాక్టరు మొత్తం పడగొట్టెయ్యమంటున్నాడు, మీ అన్నయ్య సిమెంటు పెట్టి పూడ్పిద్దామంటున్నారు. నన్నడిగితే ఇద్దరిదీ తొందరే. ఆ పగులు ఇంకా కదులుతోందా, ఆగిపోయిందా? అది తేలకుండా ఏ పని మొదలుపెట్టినా డబ్బు దండగ.

మాది తెనాలి. తాతయ్య 1957లో కట్టించిన మూడు షాపులు, పైన గోడౌను. ఒకటిన్నర ఇటుక గోడలు, ఇటుకల మధ్య గానుగలో నూరిన సున్నం, పైన మద్రాసు టెర్రాసు కప్పు, అంటే టేకు దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి సున్నంతో పోసింది. 2014లో ఉత్తరం గోడ మూల నుంచి కిటికీ దాకా పగిలింది. నాన్నగారు వరుసగా రెండేళ్లు సిమెంటు పూయించారు. వేసవి రాగానే అదే చోట మళ్లీ నోరు తెరిచేది. నేను సివిల్ డిప్లొమా చేసి పొద్దస్తమానం సైట్ల మీద ఉండేవాణ్ణే. సొంత గోడ విషయానికొచ్చేసరికి నేనూ పూత గురించే ఆలోచించాను, సిగ్గు లేకుండా చెప్తున్నా.

చివరికి ఒక ముసలి మేస్త్రీని పిలిపించాం. ఆయన గోడకేసి చూడను కూడా చూడలేదు. నేరుగా వెనక సందులోకి వెళ్లి మురుగు కాలువ పక్కన గునపంతో పొడిచాడు. మూడడుగులు దిగేసరికి బురద. పక్క షాపులోని టిఫిన్ హోటలు వాళ్లు గిన్నెలు కడిగిన నీళ్లు పగిలిన తూములోంచి మా పునాదిలోకే ఇంకుతున్నాయి. మా వైపు నేలంతా నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. పునాదికి ఒక కొస ఏడాది పొడుగునా తడిలో, రెండో కొస వేసవిలో ఎండిపోయి ఉంటే మధ్యలో గోడ చీలక ఏం చేస్తుంది?

అందుకని ముందు మీరు చేయాల్సింది గాజు పెట్టడం. పగులు మీదున్న పూతని ఊడగొట్టి, ఇటుక కనబడ్డాక, పల్చటి గాజు ముక్కని పగులుకి అడ్డంగా పెట్టి రెండు కొసలూ ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అతికించండి. పక్కన తేదీ రాయండి. కింద, మధ్యలో, పైన మూడు చోట్ల పెట్టండి. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టే. మీదీ రేగడి నేలైతే ఒక వేసవీ ఒక వానాకాలమూ చూడాలి, నెల రోజులు చూసి తేల్చెయ్యకూడదు. ఈలోగా పగులు వేగంగా పెరిగినా, తలుపులు పట్టేసినా, దూలం చివర గోడలోంచి జారినట్టు కనిపించినా ఆగొద్దు. షాపులు ఖాళీ చేయించి, కప్పు కింద ఆసరాగా సరుగుడు కర్రలు గానీ జాకీలు గానీ పెట్టించండి. ఇల్లయితే మనవాళ్లే ఉంటారు. షాపులోకి ఎవరెవరో వస్తారు. 2013 జులైలో సికింద్రాబాద్‌లో పాత హోటల్ భవనం కూలి పది మందికి పైగా పోయారు కదా.

తర్వాత పైనుంచి తాడుకి కట్టిన గుండు వదిలి గోడ ఎంత ఒరిగిందో కొలిపించండి. పైనుంచి వచ్చే బరువు గోడ మందంలో నడిమి మూడో వంతు దాటి బయటికి పోతే ఒక పక్క ఇటుకల మధ్య అతుకు విడిపోవడం మొదలవుతుంది. పదమూడున్నర అంగుళాల గోడకైతే మధ్య గీత నుంచి రెండుంబావు అంగుళాలే ఆ హద్దు. మాది అంగుళంబావు దగ్గర ఆగింది కాబట్టి బతికింది. ఇటుకలు కూడా చూడండి. రెండు తీసి కొట్టి చూస్తే ఖంగుమనాలి. ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి తూస్తే పెరిగిన బరువు పొడి బరువులో 20 శాతం దాటకూడదు. అతుకుల్లోని సున్నం తాళంచెవితో గీకితే ఇసుకలా రాలిపోతోందంటే, ఎంత లోతు దాకా అలా ఉందో చూడాలి. పై అంగుళం మాత్రమే అయితే గీకేసి మళ్లీ నింపొచ్చు.

మీ అన్నయ్య మాటకి ఇక్కడే నా అభ్యంతరం. సున్నపు గోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అది లోపలే తిరిగి ఉప్పు తేలుస్తుంది, పెచ్చులు ఊడతాయి, మెత్తటి పాత ఇటుక సిమెంటు గట్టితనానికి తట్టుకోలేక పొడైపోతుంది. సున్నపు గోడకి సున్నమే వాడించండి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, నిజమే. అయినా పాత గుడుల పనులు చేసేవాళ్లని అడిగితే దొరుకుతారు.

మేం చేసిన పని: తూము మార్చి, పునాది కింద మూడేసి అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి కొత్త ఆధారం కట్టాం. మొత్తం ఒకేసారి తవ్వితే గోడ కూర్చుంటుంది. పగులు పొడవునా విరిగిన ఇటుకలు తీసేసి కొత్తవి దిగ్గొట్టి రెండు పక్కల గోడనీ కుట్టినట్టు కలిపాం. వెనక మరుగుదొడ్ల గది మాత్రం పడగొట్టాం, దానికి పునాదే లేదు. 2016లో రెండు లక్షల ఎనభై వేలు అయింది. ఇప్పటికీ పగులు తిరిగి రాలేదు.

అలా అని అన్నీ బతికించాలనుకోవద్దు. ఆ పని బాగా వచ్చిందన్న ఊపులో ఓ స్నేహితుడి రాతి గోడౌను కూడా నిలబెట్టొచ్చని చెప్పాను. లోపల ఒక పొర, బయట ఒక పొర, మధ్యలో మట్టి, రెంటినీ కలిపే అడ్డరాళ్లు లేవు. తడితే డొల్ల శబ్దం వచ్చింది, నేను పట్టించుకోలేదు. లోపలికి సున్నపు పాలు పోయించాం. మరుసటి వానకి బయటి పొర పన్నెండడుగుల మేర ఊడిపడింది. ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. తర్వాత మొత్తం పడగొట్టించాడు. పాపం, నా మాట విని పెట్టిన ఖర్చూ పోయింది.

ఇక కాంట్రాక్టరు సంగతి. పడగొట్టేవాడికి మీ టేకు దూలాల మీదా ఇనప గర్డర్ల మీదా కన్నుంటుంది, అవి మంచి ధర పలుకుతాయి. కాబట్టి సలహా అతన్ని అడక్కండి. పనితో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజనీరుకి ఫీజు ఇచ్చి, రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. ఇంకో మాట, పడగొట్టాక కొత్త ప్లాను ఇప్పటి నిబంధనల ప్రకారం వేయాలి. రోడ్డు వెడల్పుకి వదలాల్సిందీ, ఖాళీ స్థలమూ, పార్కింగూ పోగా మీ చిన్న స్థలంలో నాలుగు షాపులు మిగులుతాయో రెండే మిగులుతాయో ముందే ప్లాను గీయించి చూసుకోండి. పక్కవాళ్లతో ఉమ్మడి గోడ ఉంటే అది మరో గొడవ. మీరు తీస్తే వాళ్ల దూలాలు దేని మీద ఆగుతాయి?

మీ పగులు మెట్లలా దిగిందన్నారు కాబట్టి నా అనుమానమూ పునాది మీదే. ఈ వారమే పగులు వెడల్పు పైన ఎంతో, కింద ఎంతో కొలిచి, వెనక సందులో తూములు చూసి ఇక్కడ రాయండి. కింద షాపులవాళ్లెవరైనా షట్టరు వెడల్పు చేయడానికి గోడ కొట్టారేమో కూడా అడగండి. అడిగితే కాదనే అంటారు, మీరే వెళ్లి చూడండి.