పదసందేహాలు: రాష్ట్రం, జాతి

ప్రశ్న: గాంధీగారిని మనం జాతిపిత అంటాం, హిందీవారు రాష్ట్రపిత అంటారు. మనకు రాష్ట్రమంటే దేశంలో ఒక భాగం మాత్రమే. అయినా దేశాధ్యక్షులను రాష్ట్రపతి అనే పిలుస్తున్నాం. ఈ తేడా ఎలా వచ్చింది?

జవాబు: రాష్ట్రం వేదకాలం నాటి మాట. ప్రకాశించడం, ఏలడం అనే అర్థాలున్న ‘రాజ్’ ధాతువు దానికి మూలం. ఋగ్వేదం పదో మండలంలోని వాక్సూక్తంలో వాగ్దేవి తనను ‘రాష్ట్రీ’, అంటే ఏలిక, అని చెప్పుకుంటుంది. ఏలుబడిని, అది సాగే నేలను ఈ మాట తెలిపిందే గాని, ఆ నేల ఎంత ఉండాలో చెప్పలేదు. పల్లవుల కాలపు శాసనాలలోనే కమ్మరాష్ట్రం, ముండరాష్ట్రం అనే పేర్లు కనిపిస్తాయి. వీటిలో రెండవది నేటి నెల్లూరు ప్రాంతం. కాబట్టి 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మనవారు ఈ మాటను ఒక ప్రాంతానికి వాడడం తప్పూ కాదు, కొత్తా కాదు. హిందీలోను, కన్నడంలోను, మరాఠీలోను ఆ పనికి ‘రాజ్య’ ఉన్నందున, అక్కడ ‘రాష్ట్ర’ దేశం మొత్తానికి నిలిచింది. స్వాతంత్ర్యానికి ముందు కాంగ్రెస్ అధ్యక్షులను పిలిచిన ‘రాష్ట్రపతి’ అనే మాట 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చాక దేశాధ్యక్ష పదవికి పేరైంది. పదవి పేరు గనుక దానిని మార్చకుండా స్వీకరించి, జాతీయ గీతం, జాతీయ పతాకం, అంతర్జాతీయం వంటి మిగిలిన మాటలన్నిటికీ ‘జాతి’నే ఆశ్రయించాం.

ప్రశ్న: జాతి అంటే పుట్టుకను బట్టి ఏర్పడే వర్గం కదా! దేశప్రజలందరికీ ఆ మాట తగునా?

జవాబు: మీ సందేహం సమంజసమైనది. పుట్టడమనే అర్థమున్న ‘జన్’ ధాతువు నుంచి వచ్చిన జాతికి పుట్టుక అనేదే తొలి అర్థం. పక్షిజాతి అన్నప్పుడు అది వర్గం. జాతిరత్నం, జాతిగుర్రం అన్నప్పుడు పుట్టుకతో వచ్చిన మేలిమి. ఛందస్సులో కందం, ద్విపద వంటి పద్యాలకు అది పేరు. (జాజిపువ్వులోని జాజి కూడా ఈ మాటకు ప్రాకృతం ద్వారా వచ్చిన రూపమే.) విచిత్రమేమిటంటే ఇంగ్లీషువారి ‘నేషన్’కు మూలమైన లాటిన్ మాటకు కూడా పుట్టుక అనే అర్థముంది, మధ్యయుగాలలో పారిస్ విశ్వవిద్యాలయం తన విద్యార్థులను వారు వచ్చిన ప్రాంతాలను బట్టి నాలుగు ‘నేషన్’లుగా విభజించింది. సార్వభౌమాధికారం గల ప్రజాసమూహమనే అర్థం 1789 ఫ్రెంచి విప్లవంతోనే బలపడింది. పుట్టుకను తెలిపే మాట పౌరసత్వాన్ని తెలిపే మాటగా మారడం అక్కడా ఇక్కడా ఒకే తీరున జరిగిందన్నమాట.

అయితే జాతి అన్నిచోట్లా ఇమడదని నా అభిప్రాయం. 1920లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ ‘లీగ్ ఆఫ్ నేషన్స్’ను మనవారు నానాజాతి సమితి అన్నారు, 1945లో దాని స్థానంలో వచ్చినదానిని ఐక్యరాజ్యసమితి అన్నారు. సభ్యత్వం ప్రభుత్వాలు గల దేశాలదే గనుక, ‘యునైటెడ్ నేషన్స్’ అనే ఇంగ్లీషు పేరుకంటె మన రెండవ పేరే వాస్తవానికి దగ్గర. ఇక భారతజాతి అన్న నోటితోనే తెలుగుజాతి అని కూడా అంటున్నాం. చిన్న వర్గం పెద్ద వర్గంలో ఒదగడం ఈ మాటకు మొదటినుంచీ ఉన్న గుణం కాబట్టి, ఒకటి అంటే రెండవదానిని కాదన్నట్టు కాదు. హక్కుల గురించి, పౌరుల గురించి రాసేటప్పుడు మాత్రం రాజ్యాంగ ప్రవేశిక మొదలయ్యే తీరునే అనుసరించి, ‘భారత ప్రజలు’ అని రాయడం మేలు.