యువతలో మెతక, సూటి, దూకుడు మాటతీరును కొలిచేదెలా?

అనంతపురం డిగ్రీ విద్యార్థుల మాటతీరును కొలవడానికి ఒక్క స్కేలు సరిపోతుందా అని అడిగారు. సరిపోదు.

సూటిగా మాట్లాడే గుణాన్ని కొలవడానికి ఎక్కువగా వాడే రేథస్ స్కేలులో (1973) 30 వాక్యాలుంటాయి, అవి తనకెంత వర్తిస్తాయో విద్యార్థే మార్కులేసుకోవాలి. ఒక్కోదానికి −3 నుంచి +3 దాకా మార్కులు, సున్నా ఉండదు. 17 వాక్యాలు మెతకతనాన్ని చెప్పేవి, వాటికి ప్లస్‌ను మైనస్‌గా, మైనస్‌ను ప్లస్‌గా తిప్పి కూడాలి. అది మరిస్తే లెక్కంతా తారుమారే. అసలు చిక్కేమిటంటే, ఎక్కువ మార్కులొచ్చినవాళ్లు సూటిగా మాట్లాడేవాళ్లో, మీదపడేవాళ్లో మొత్తం చూసి చెప్పలేం. అందుకే దూకుడును కొలిచే బస్-పెర్రీ ప్రశ్నావళిలోని (1992) మాటల దూకుడు భాగాన్ని కూడా విడిగా ఇవ్వండి, అయిదు వాక్యాలే.

నా ఉద్దేశంలో ఒక సన్నివేశం చెప్పి, నువ్వైతే ఏం చేస్తావని అడగడం ఇంకా నమ్మకమైనది. రాత్రి 11కి రూమ్మేట్ ఫోనులో పాటలు గట్టిగా పెట్టాడు. దుప్పటి ముసుగేసుకుంటే మెతక. "రేపు పరీక్షుందప్పా, ఇయర్‌ఫోన్ పెట్టుకో" అంటే సూటి. "రూము నీ అబ్బ సొత్తా?" అంటే దూకుడు. ఇలాంటివి పది రాసి స్నేహితుడు, నాన్న, లెక్చరర్, కొత్తవాళ్లు అని విడివిడిగా లెక్కించండి. స్నేహితుల మీద ఎగిరే పిల్లోడు నాన్న ముందు నోరు మెదపడు. సగటు తీస్తే సూటివాడిలా కనబడతాడు, అది తప్పు.

సీమలో "ఏందప్పా ఇది" అని గట్టిగా అనడం మామూలే. గొంతును కాదు, కించపరచడం, బెదిరించడం ఉందా అన్నది చూడాలి. జవాబులకు ఇద్దరు విడిగా మార్కులేసి పోల్చుకోవాలి. లెక్చరర్ ఎదుట నింపిస్తే అందరూ మంచి జవాబులే రాస్తారు. పేరు అడక్కుండా, కవరులో తీసుకోండి.