ఎవరు చూస్తే? సైన్స్ రాయబోతున్న అమ్మాయికి ఒక ఉత్తరం

కావలి

అమ్మాయీ,

పిల్లల ప్రశ్నలకు జవాబులుగా నువ్వు రాసి పంపిన సైన్స్ కాగితాలు శుక్రవారం అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి నువ్వు రాసిన పద్నాలుగు పేజీలూ చదివి, ఆ తర్వాత చివర్లో పిన్ను కొట్టిన, పిల్లలు ప్రశ్నలు రాసిచ్చిన చీటీలు చూశాను. రెండోసారి చీటీలు ముందు చదువుకుని నీ పేజీలకు వచ్చాను. అప్పుడు తెలిసింది నాకు. పిల్లలు అడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఇంకొకటి. నువ్వు చెప్పినదాంట్లో తప్పులు చాలా తక్కువ. కానీ చీటీ రాసిన పిల్లవాడు ఆ పేజీ తెరిస్తే తన ప్రశ్న ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

నీ మొదటి పేజీ "చలనం అనగా" అని మొదలైంది. చలనం, వడి, వేగం, త్వరణం, జడత్వం, ఇన్ని నిర్వచనాలు అయితేగానీ రైలు రాలేదు. చీటీలో రైలు మొదటి మాటలోనే ఉంది. "రైలు పోతా ఉన్నప్పుడు పైకెగిరితే వెనక పడాల గదా, ఎందుకు పడం?" దీన్ని నువ్వు దిద్ది, "చలనంలో ఉన్న రైలులో ఎగిరిన వ్యక్తి అదే స్థానంలో దిగుటకు కారణమేమి?" అని రాశావు. దయచేసి దిద్దకమ్మా. "వెనక పడాల గదా" అన్న మాటలు పోయాయంటే అసలు ప్రశ్నే పోయినట్టు. ఆ పిల్లవాడు ఊరికే అడగలేదు. మనసులో ఒక లెక్క వేసుకున్నాడు, ఆ లెక్క తప్పడం కళ్ళారా చూశాడు, అందుకని అడిగాడు. ముందు ఆ లెక్కను బయటికి తీసి పేజీ మీద పెట్టు.

అదేం లెక్కంటే, పినాకినీ ఎక్స్‌ప్రెస్ గంటకు 100 కిలోమీటర్ల స్పీడులో పోతోందనుకుందాం. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. మనం ఒక అడుగు ఎత్తు ఎగిరితే గాల్లో ఉండేది అర సెకను. ఆ అర సెకనులో రైలు 14 మీటర్లు ముందుకు పోతుంది. కాబట్టి ఎగిరినవాడు బోగీలో సగం పైగా వెనక్కి పోయి ఎవరి ఒళ్ళోనో పడాలి. ఇది తెలివైన లెక్క. దీన్ని గౌరవించి, దీని వెంటే నడిచి, ఎక్కడ జారిందో చూపించు. ఎగరకముందు ఆ పిల్లవాడు కూడా సెకనుకు 28 మీటర్ల చొప్పున పోతూనే ఉన్నాడు. కాళ్ళు నేల వదలగానే ఆ వేగాన్ని అతని దగ్గర్నుంచి ఎవరు లాక్కున్నారు? ఎవరూ లాక్కోలేదు. బోగీలో గాలి కూడా అతనితో పాటే పోతోంది, అడ్డం పడదు. ఇక వెనక పడాల్సిన పనేముంది? ఇంత చెప్పాక, దీనికే జడత్వం అని పేరు పెట్టారని చివర్లో ఒక మాట రాయి చాలు.

పేరు ముందు చెబితే ఏమవుతుందో నాకు అనుభవమే. టీచరుగా చేరిన కొత్తలో ఇదే ప్రశ్న ఒక పిల్లవాడు అడిగాడు. జడత్వం వల్ల అన్నాను. జడత్వం అంటే ఏంది సార్ అన్నాడు. ఉన్న స్థితిలోనే ఉండిపోయే గుణం అన్నాను. ఎందుకుంటాది సార్ ఆ గుణం అన్నాడు. చెప్పాను కదా, జడత్వం వల్ల అన్నాను. వాడు నోట్సులో రాసుకుని కూర్చున్నాడు. ఆ సంవత్సరమంతా మళ్ళీ నన్నేమీ అడగలేదు. నలభై ఏళ్ళయినా అది తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అదే ఎగురుడు, రైలు గేటు దగ్గర నిలబడ్డ మనిషికి ఎలా కనిపిస్తుంది? బోగీలో ఉన్నవాళ్ళకు పిల్లవాడు నిటారుగా లేచి నిటారుగా దిగాడు. గేటు దగ్గర మనిషి చూస్తే వాడు విల్లులాగా వంగిన దారిలో 14 మీటర్లు దూకాడు. ఇద్దరిలో ఎవరు చూసింది నిజం? ఇద్దరిదీ నిజమే. చలనం గురించి పిల్లలు అడిగే ప్రతి ప్రశ్నలోనూ "ఎవరు చూస్తే?" అన్న మాట ఒకటి దాగి ఉంటుంది. దాన్ని వెలికి తీయడమే నీ పని. చీటీ చేతిలోకి తీసుకోగానే ఇది అడిగిన బిడ్డ ఎక్కడ నిలబడి చూస్తోంది అని ఆలోచించు. బస్సు కిటికీ దగ్గరా, మిద్దె మీదా, సముద్రం ఒడ్డునా? నువ్వు కూడా పోయి అక్కడే నిలబడి రాయి.

ఇది కొత్త సంగతి కూడా కాదు. మా చిన్నప్పుడు బకింగ్‌హాం కాలువలో ఉప్పు పడవలు తిరిగేవి. మా నాన్న నన్ను ఒకసారి ఎక్కించాడు. గట్టు మీద తాడిచెట్లన్నీ వరసగా వెనక్కి నడిచిపోతుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. ఆర్యభటుడు సరిగ్గా ఈ పోలికే చెప్పాడని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ముందుకు పోయే పడవలో ఉన్నవాడికి ఒడ్డున కదలనివి వెనక్కి పోతున్నట్టు కనిపించినట్టే, కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు మనకు కనిపిస్తాయన్నాడు. క్రీ.శ. 499 నాటి మాట అది. మూసేసిన ఓడ గదిలో కూర్చుంటే, ఓడ కుదుపు లేకుండా ఒకే వేగంతో పోతున్నంతసేపూ, పోతోందో ఆగి ఉందో కనిపెట్టలేమని గెలీలియో రాసింది 1632లో. మీ పిల్లలు రైల్లో అడిగిన ప్రశ్న ఈ వరసలోదే. ఆ మాట వాళ్ళకు తప్పకుండా చెప్పు, ఎంత సంతోషిస్తారో చూడు.

నీ చీటీలన్నిట్లో నాకు బాగా నచ్చింది హెలికాప్టర్ చీటీ. "భూమి తిరగతా ఉంది గదా, హెలికాప్టర్ ఎక్కి గాల్లో ఊరికే నిలబడితే అమెరికా దానంతటదే కిందికొస్తాదా?" దీన్ని నువ్వు "అపోహలు" అన్న పేజీలో వేశావు. అక్కడ్నుంచి తీసెయ్. నెల్లూరు దగ్గర నేల గంటకు దాదాపు 1600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది, సెకనుకు 450 మీటర్లు. హెలికాప్టర్ లేవకముందే ఆ వేగం దానికుంది, చుట్టూ ఉన్న గాలికీ ఉంది. భూమే పెద్ద రైలు బోగీ అయింది. ఆ రెండు చీటీలూ పక్కపక్కన పెడితే రెండో జవాబు పిల్లలే చెప్పేస్తారు.

అక్కడ్నుంచి రాకెట్‌కు ఒక్క అడుగే. జిల్లాలు మారాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, నెల్లూరు మిద్దెల మీంచి ఇప్పటికీ మనం రాకెట్ చూస్తూనే ఉన్నాం. "పైకి పోవాల్సిన రాకెట్ సముద్రం మీదికి ఎందుకు వంగుతాది?" అని ఒక పాప అడిగింది. నువ్వు గురుత్వాకర్షణ మీద పేజీన్నర రాశావు. ఆ పాపకు కావాల్సింది ఒక్క సంగతి. ఎత్తుకు పోయినంత మాత్రాన ఉపగ్రహం అక్కడ నిలబడదు, కింద పడుతుంది. పడుతూ పడుతూనే భూమిని తప్పించుకుని పోయేంత జోరుగా, సెకనుకు ఏడున్నర, ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పక్కకు పోవాలి. అందుకే వంగుతుంది. తూర్పుకు వంగితే, భూమి తిరగడం వల్ల అప్పటికే ఉన్న ఆ 450 మీటర్లు కలిసొస్తాయి. పైగా కింద బంగాళాఖాతం, రాలిపడే భాగాలు ఊళ్ళ మీద పడవు. ధ్రువాల మీదుగా తిరగాల్సిన ఉపగ్రహమైతే దక్షిణం వైపు పోవాలి కాబట్టి తూర్పు వేగం దానికి పనికిరాదు, పైగా శ్రీలంకను తప్పించుకుంటూ వంకర దారిలో పోవాలి. ఇంకొకటి కూడా కలుపు. శ్రీహరికోట నుంచి నెల్లూరు గాల్లో గీత గీస్తే ఎనభై కిలోమీటర్ల పైనే. వెలుగు మిద్దె మీదికి రెప్ప వేసేలోపే వచ్చేస్తుంది. చప్పుడు అంత దూరం రాగలిగితే, దానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అప్పటికి రాకెట్ ఎక్కడుంటుందో లెక్క వెయ్యమను.

ఇక తొమ్మిదో పేజీ. ఇక్కడ నిజంగానే తప్పుంది, చాలామంది పెద్దవాళ్ళు కూడా రాసే తప్పు. "సూర్యుని కాంతి చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది కాబట్టి, మనం మైపాడు బీచిలో చూసే సూర్యోదయం నిజానికి 8 నిమిషాల ముందే జరిగిపోయింది" అన్నావు. మొదటి సగం సరే. రెండో సగం ఎందుకు తప్పో, ఎవరు కదులుతున్నారని అడిగితే తెలిసిపోతుంది. సూర్యుడు పైకి లేవడం లేదు, మైపాడే తిరిగి వెలుగులోకి వస్తోంది. వెలుగు అప్పటికే అక్కడంతా నిండి ఉంది. నీడలో ఉన్న వసారాలోంచి వాకిట్లోకి అడుగు పెడితే ఎండ మన కోసం ఎనిమిది నిమిషాలు ఆగి రాదు కదా. ఒంటికి తగిలిన ఆ ఎండ సూర్యుడి దగ్గర బయల్దేరి 8 నిమిషాల 20 సెకన్లయిన మాట నిజం. కాబట్టి మనం చూసేది అప్పటి సూర్యుడి రూపం. తెల్లవారడం మాత్రం ఆలస్యం కాలేదు.

పైగా మైపాడులో జరిగేది దీనికి తలకిందులు. దిగంతం దగ్గర గాలి వెలుగును వంచుతుంది. ఆ వంపు సూర్యుడి వెడల్పు కంటే కాస్త ఎక్కువే. కాబట్టి నీళ్ళకు ఆనుకుని నిండుగా కనిపించే ఆ ఎర్రటి బింబం, గీత గీసి చూస్తే, అప్పటికింకా దిగంతం కిందే ఉంటుంది. గాలి పుణ్యమా అని మనకు రెండు నిమిషాల ముందే పొద్దు పొడుస్తోంది. ఇది నేను మొదటిసారి చదివిన వారంలోనే తెల్లవారుజామున బస్సెక్కి మైపాడు పోయాను. తెలిసి చూడటం వేరమ్మా. నువ్వు కూడా పోయి చూసి వచ్చి ఆ పేజీ రాయి.

వేసవిలో హైవే మీద నీళ్ళు కనిపించడం కూడా వెలుగు వంగడమే, రెంటినీ ఒకే చోట పెట్టు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటులో మెరుపుల గురించి ఎవరో అడిగారు, అది వేరే దారి. ఆ నల్లరాయిలో బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులుంటాయి, వాటి మీద పడి తిరిగొచ్చిన వెలుగే ఆ బంగారు చుక్కలు. రాయి చేతిలో పట్టుకుని తిప్పమంటే చాలు, వివరణ అక్కర్లేదు. చందమామ బస్సెంట రావడం మీద నువ్వు రాసింది బాగుంది. ఒక్క లెక్క చేర్చు. కావలి నుంచి నెల్లూరు 50 కిలోమీటర్ల పైచిలుకు, చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. బస్సు అంత దూరం పోయినా, ఆ ప్రయాణం వల్ల ఆకాశంలో అతను జరిగినట్టు కనిపించేది తన వెడల్పులో అరవయ్యో వంతు.

అన్నిటికన్నా కష్టమైన చీటీ గురించి చివర్లో రాస్తున్నాను. "రైలు కాంతి స్పీడులో పోతే హెడ్‌లైట్ వేస్తే ముందుకు వెలుగు పోతాదా?" నువ్వు "అంత వేగంతో ఏ రైలూ వెళ్ళలేదు" అని ఒక్క వాక్యంతో తేల్చేశావు. అది నిజమే గానీ, ఆ వాక్యంతో తలుపు మూసేశావు. ఐన్‌స్టీన్ పదహారేళ్ళప్పుడు వెలుగు కిరణం వెంట పరిగెత్తితే ఏం కనిపిస్తుందని ఆలోచించాడు. దాదాపు ఇదే ప్రశ్న. దాని జవాబు 1905లో ఆయన సాపేక్షతా సిద్ధాంతంతో వచ్చింది.

దీన్ని ఇలా మార్చి చూడు. రైలు కాంతి వేగంలో నూటికి తొంభై వంతులతో పోతోంది. డ్రైవరు చూస్తే హెడ్‌లైట్ వెలుగు సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతుంది. గేటు దగ్గర మనిషి చూసినా అంతే వేగంతో పోతుంది. బంతి విషయంలో అయితే రైలు వేగం, బంతి వేగం కలుస్తాయి. వెలుగు కలవనివ్వదు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది కదా, ఆ తేడా వెలుగులో కనపడాలని 1887లో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెతికారు. వాళ్ళు వెతికిన తేడా దొరకలేదు. వెలుగు వేగం ఇద్దరికీ ఒక్కటే కావాలంటే, ఇద్దరి కాలమూ దూరమూ ఒక్కటిగా ఉండటానికి వీల్లేదు.

ఇక్కడ పిల్లలు నమ్మరు, నమ్మకపోవడం న్యాయం. అందుకని పోలికలు చెప్పకు, జరిగింది చెప్పు. ఆకాశంలో పది పదిహేను కిలోమీటర్ల ఎత్తున మ్యూయాన్లనే కణాలు పుడతాయి. సెకనును పది లక్షల భాగాలు చేస్తే, వాటి సగటు ఆయుష్షు అందులో రెండు భాగాలు, అంతే. దాదాపు వెలుగంత వేగంతో వచ్చినా అంత ఆయుష్షుతో ఏడువందల మీటర్లు రాలేవు. అయినా నేల దాకా వస్తున్నాయి, నీ అరచేతిలోంచి కూడా పోతున్నాయి. మనం చూస్తే వాటి గడియారం నెమ్మదిగా నడుస్తోంది. అవి చూస్తే, అవి దాటాల్సిన గాలి పొర మందమే తగ్గిపోయింది. మళ్ళీ "ఎవరు చూస్తే" దగ్గరికే వచ్చాం చూశావా. కొత్తపట్నం ఒడ్డున వేటకు పోయే పడవల్లో జీపీఎస్ ఉంటుంది కదా, దానికి దారి చెప్పే ఉపగ్రహాల గడియారాలకూ మన గడియారాలకూ రోజుకు, సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో 38 భాగాల తేడా వస్తుంది. వేగం వల్ల ఆ గడియారాలు కొంత వెనకబడతాయి, అంత ఎత్తున గురుత్వం తగ్గడం వల్ల అంతకన్నా ఎక్కువ ముందుకు పోతాయి, మిగిలేది ఆ తేడా. అది సరిచేయకపోతే ఒక్క రోజులో లెక్క పది కిలోమీటర్ల దాకా తప్పుతుంది. మత్స్యకారుల ఇళ్ళలో పిల్లలకు ఇది వాళ్ళ నాన్న పడవ సంగతి.

మరి సరిగ్గా కాంతి వేగంతోనే పోతే? ఆ చోట నిలబడి చూసేవాడు ఉండడు. వెలుగు వైపు నుంచి చూడటమన్నది సిద్ధాంతంలోనే లేదు. అది అలాగే రాయి. ఏదో ఒక బొమ్మ కల్పించి తృప్తిపరచాలని చూడకు.

మొత్తం తిరగరాయాలని టెన్షన్ పడకు. ముందు రైలు చీటీ, హెలికాప్టర్ చీటీ, ఈ రెండే రాసి, ఏడో తరగతి పిల్ల ఒకరిని కూర్చోబెట్టి చదివి వినిపించు. వింటూ మధ్యలో ఎక్కడ అడ్డం వచ్చి అడిగితే అక్కడ గీత పెట్టుకో. ఆ గీతలు పెట్టిన కాగితమే నాకు పంపు, సాపు చేసింది వద్దు.

చీటీల్లో అడుగున ఒకటి నలిగిపోయి ఉంది, నువ్వు చూశావో లేదో. "కిటికీలన్నీ మూసిన రైల్లో ఈగ యాడా వాలకుండా ఎగరతా ఉంటే రైలు బరువు తగ్గతాదా?" రెండు రోజులుగా నేను దాని మీదే ఉన్నాను. నా జవాబు నాకుంది గానీ ఇప్పుడు చెప్పను. ఆదివారం సింగరాయకొండలో రైలెక్కి రా, స్టేషన్‌కు నేనొస్తాను. నీ జవాబు కూడా కాగితం మీద రాసి తెచ్చుకో, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు