‘అది చైనా వాళ్ళ గొడవ, మనకెందుకు’ అంటున్నారు మా వారు

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మా వారిది హెచ్‌1బి వర్క్ వీసా, బాబు ఆరో క్లాసు. పోయిన నెల షాపు పార్కింగ్‌లో ఒకతను, చీర కట్టుకున్న మా అత్తయ్యని చూసి ‘మీ దేశానికి పొండి’ అని అరిచాడు. మా వారు గబగబా కారెక్కించి ఇంటికి తెచ్చేశారు, ఎవరికీ చెప్పొద్దన్నారు. అప్పట్నుంచి అత్తయ్య సాయంత్రం నడక మానేశారు. ఇప్పుడు లైబ్రరీలో చైనా, కొరియా కుటుంబాలు, మనవాళ్ళు కలిసి ఇలాంటి వాటి మీద మాట్లాడుకుందామంటున్నారు. వెళ్తానంటే మా వారు వద్దంటున్నారు.

జవాబు: వెళ్ళండమ్మా. కానీ ముందు అత్తయ్యగారి దగ్గర కాసేపు కూర్చోండి. మాట పడింది ఆవిడ, నా చీర వల్లే పిల్లలకి ఈ తలనొప్పి అని లోపల్లోపల కుమిలిపోతూ ఉండొచ్చు. ‘మీ తప్పేం లేదు’ అని బాబు కూడా వినేలా చెప్పండి, కొన్నాళ్ళు నడకకి తోడు వెళ్ళండి.

మీ వారు ఆ రోజు వాదానికి దిగకుండా బయటపడటం మంచి పనే. చిక్కంతా తర్వాత అందరి నోరూ నొక్కడంతోనే. హెచ్‌1బి మీద ఉంటూ, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో ఉద్యోగమో, వెనక్కి రావడమో ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన మనిషికి భయం ఉండదా మరి! బాధితులుగా ఫిర్యాదు చేసినంత మాత్రాన వీసా పోదు, నమ్మకపోతే ఇమిగ్రేషన్ లాయర్నే అడగమనండి. ఉత్త తిట్టు అక్కడ చాలావరకు నేరం కిందికి రాదు, బెదిరించినా చెయ్యి చేసుకున్నా మాత్రం 911కి ఫోన్ చేయాల్సిందే. ఏం జరిగినా సరే, తేదీ, టైము, వాడన్న మాటలు రాసిపెట్టుకోండి.

ఇక ‘చైనా వాళ్ళ గొడవ’ సంగతి. 1982లో డెట్రాయిట్‌లో విన్సెంట్ చిన్‌ అనే చైనీస్ అమెరికన్‌ని కొట్టి చంపినవాళ్ళ కోపం అసలు జపాన్ కార్ల మీద, వాటివల్ల అమెరికాలో కార్ల ఉద్యోగాలు పోతున్నాయని! వాళ్ళకి పడింది జైలు కాదు, ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా. 2017లో కాన్సస్‌లో మన హైదరాబాద్ కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చినవాడేమో, ఇరాన్ వాళ్ళని కాల్చానని ఇంకోచోట చెప్పుకున్నాడు. వాడికి మనమెవరో, ఎక్కడివాళ్ళమో అక్కర్లేదు.

మీటింగ్‌లో ఉపన్యాసాలేం వద్దు, అత్తయ్యగారు సరేనంటే జరిగింది జరిగినట్టు చెప్పండి, మీ వారి పేరు, ఉద్యోగం ఎత్తకండి. వాళ్ళు చెప్పేదీ వినండి. ఒక మాట, ఏమనుకోవద్దు: మన వీకెండ్ పార్టీల్లో చైనా వాళ్ళ కళ్ళ మీద, నల్లవాళ్ళ మీద వేసుకునే జోకులు పిల్లలు వింటూనే ఉంటారు. 2014లో ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడు నిడో తానియాని జుట్టు చూసి వెక్కిరించి, ప్రాణం పోయేలా కొట్టింది మన దేశం వాళ్ళే.

బాబుని కూడా అడగండి, స్కూల్లో ఎవరైనా ఏమైనా అంటున్నారా అని. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు, కారులో వెళ్తూ అడిగితే కాస్త నోరు విప్పుతారు. మీ వారిని మాత్రం మీటింగ్‌కి రమ్మని బలవంతం చేయకండి, ఆ సాయంత్రం వంట, బాబు హోంవర్క్ చూసుకోమనండి చాలు.