మీ నమాజుకు అడ్డం ఆఫీసు కాదమ్మా

గుంటూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వయసు 34. నరసరావుపేటలో ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం, రోజూ బస్సులో రాకపోకలు. ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప, అత్తగారు, బట్టల కొట్టు నడిపే భర్త. ఆయన ఐదు పూటలా మసీదుకు వెళ్తారు, నెలకు మూడు రోజులు జమాత్‌లో, అంటే ధర్మప్రచార బృందంతో, తిరిగి వస్తారు. ఈమెకు జొహర్ (మధ్యాహ్నం), అసర్ (సాయంత్రం) పోతున్నాయి, చలికాలంలో మగ్రిబ్ (సూర్యాస్తమయం కాగానే చదివేది) కూడా పోతోంది, ఫజర్‌కి (తెల్లవారుజాము నమాజుకు) మెలకువ రావడం లేదు. రెండో కాన్పు తర్వాత నుంచి ఇదే వరస. మొన్న బంధువులందరి ముందు భర్త "మా ఇంట్లో దీన్ (ధర్మం) నా ఒక్కడితోనే ఉంది" అన్నారట. "రాత్రి ఇషా నమాజు తర్వాత అన్నీ కలిపి చదివేసుకుంటే సరిపోతుందా, లేక ఉద్యోగం మానేయమంటారా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, కలిపి చదివేస్తే సరిపోదు, ఉద్యోగం మానేయాల్సిన పనీ లేదు. నమాజు విశ్వాసుల మీద వేళలతో కలిపి విధి అయిందని ఖురాన్ నాలుగో సూరా 103వ ఆయతు చెబుతోంది. నిద్రపట్టో మరచిపోయో తప్పిపోతే ఖజా, అంటే తర్వాత చదివి తీర్చుకోవడం, ఉంది. రోజూ ముందే అనుకుని రాత్రికి నెట్టేయడానికి ఖజా అనుమతి కాదు. గుంటూరు నుంచి నరసరావుపేట సుమారు 45 కిలోమీటర్లే కాబట్టి మీరు ముసాఫిర్ (ప్రయాణికులు) కారు, ఖసర్ (ప్రయాణంలో నమాజు కుదించడం) కూడా వర్తించదు. దానికి మనం పాటించే హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయం లెక్కలో సుమారు 77 కిలోమీటర్ల ప్రయాణం కావాలి. మీ ప్రశ్న ఇంతటితో అయిపోయింది.

అసలు సంగతి మీరు ఉత్తరం నాలుగో పేజీలో, పోనీలే అన్నట్టు రాశారు. రాత్రి వంటిల్లు సర్దేసరికి పన్నెండవుతుంది. మీవారు ఫజర్ చదివి, తాలీమ్‌లో (ధర్మబోధ విని) కూర్చుని, ఇంటికొచ్చి తొమ్మిదింటి దాకా పడుకుంటారు. ఈలోపు పాలు, టిఫిను, రెండు బాక్సులు, బాబు యూనిఫాం, అత్తగారి మాత్రలు అన్నీ ముగించి మీరు ఎనిమిదింటి బస్సు ఎక్కుతారు. ఆయన ఐదు పూటలూ మసీదులో జమాత్‌తో, అంటే అందరితో కలిసి, చదివేలా నిలబెడుతున్నది మీరమ్మా. మీ ఫజర్ నిలబెట్టే మనిషే ఆ ఇంట్లో లేరు. అత్తగారి మాటలకు రెండు పేజీలు కేటాయించారు గానీ ఆవిణ్ణి వదిలేయండి. కొడుకు కోడల్ని ఎలా చూస్తే తల్లీ అలాగే చూస్తుంది.

దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ల పనుల్లో ఉండేవారు, నమాజు వేళ కాగానే లేచి వెళ్లేవారు అని హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన మాట బుఖారీలో ఉంది. జమాత్‌లో తిరిగే మీవారికి ఇది తెలియకుండా ఉండదు. భార్య నిద్ర మీద, భార్య నమాజు మీద నిలబడిన భక్తి గురించి ఆయన ఒకసారి కూర్చుని ఆలోచించుకోవాలి. పైగా ఇల్లు గడపడం, అంటే నఫఖా, షరీఅత్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) ప్రకారం ఆయన బాధ్యత. మీ జీతం మీది. సగం జీతం ఇంటికి ఇస్తున్నారంటే అది మీరు చేస్తున్న ఇహ్సాన్ (మేలు). అది తీసుకుంటూ నలుగురిలో మిమ్మల్ని చిన్నబుచ్చే హక్కు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

ఇక వేళల సంగతి. మీ పేట మసీదులో ఇచ్చే సంవత్సరపు టైంటేబుల్ ఒకటి తెచ్చి వంటింటి తలుపుకు అతికించండి. గుంటూరులో జొహర్ వేళ ఏడాది పొడవునా 11:50కీ 12:25కీ మధ్య మొదలవుతుంది. అసర్ మన హనఫీ లెక్కన డిసెంబరులో 4:05కి, జూన్‌లో 4:45 ప్రాంతంలో మొదలవుతుంది. భోజన విరామంలో జొహర్ తేలిగ్గా పడుతుంది. నాలుగు రకాత్‌ల (నమాజులో ఒక్కో ఆవృత్తి రకాత్) సున్నత్ (ప్రవక్త ఆచరణ), నాలుగు ఫర్జ్ (తప్పనిసరి), రెండు సున్నత్ కలిపి పావుగంట. మరీ ఒత్తిడిగా ఉన్న రోజు నాలుగు ఫర్జ్ అయినా వదలకండి, అది ఐదారు నిమిషాల పని. అసర్‌కి ముందు చదివే సున్నత్ తాకీదు లేనిది, అంటే వదిలినా తప్పు లేదు, ఫర్జ్ ఒక్కటి చాలు. ఇన్‌స్పెక్షను రోజుల్లో మధ్యాహ్నం సీటు వదలలేకపోతే, జొహర్ చివరి వేళలో, అంటే డిసెంబరు అయితే 3:50కి చదివి, అక్కడే పావుగంట ఆగి, అసర్ మొదటి వేళలో ఆ వజూతోనే (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే శుద్ధితోనే) చదువుకోవచ్చు. ఏ నమాజు దాని వేళలోనే పడింది కాబట్టి అభ్యంతరం లేదు. దాన్ని రోజువారీ పద్ధతి చేసుకోకండి. అసర్‌ని సూర్యాస్తమయానికి ముందు చివరి 20 నిమిషాల్లోకి జరపడం మక్రూహ్ (చేయకూడని పని). అయినా ఆ రోజు అసర్ మిగిలిపోయి ఉంటే అప్పుడైనా చదవాల్సిందే.

ఆఫీసులో వజూ ఎందుకు కష్టమవుతోందో మీరే రాశారు: వాష్‌బేసిన్‌లో కాలు పెట్టడం నామోషీ, నేలంతా తడి, తోటివాళ్ల విసుగు. దానికి తోలు మేజోళ్లు, ఖుఫైన్ అంటారు, ఒక జత కొనుక్కోండి. చీలమండలు పూర్తిగా మూయాలి. పొద్దున ఇంట్లో కాళ్లు కడిగి పూర్తి వజూ చేసుకుని తొడుక్కోండి. ఆ తర్వాత వజూ మొదటిసారి పోయినప్పటి నుంచి 24 గంటల దాకా కాళ్లు కడగక్కర్లేదు. తడి వేళ్లు మూడు, కాలి వేళ్ల దగ్గర నుంచి పైకి పాదం మీద ఒకసారి లాగితే మసహ్ (తడి చేత్తో తుడవడం) అయిపోతుంది. మధ్యలో మేజోడు విప్పితే మాత్రం కాళ్లు కడగాలి. మామూలు నూలు సాక్సుల మీద మసహ్ చెల్లదు, చాలామంది ఇక్కడే పొరపడతారు. ముఖం, మోచేతులతో సహా చేతులు, తలకు మసహ్, ఇంతే మిగిలింది. అర లీటరు సీసా నీళ్లు సరిపోతాయి. నెయిల్ పాలిష్ ఉంటే నీరు గోరుకు తగలదు, వజూ కాదు.

మగ్రిబ్ దగ్గర జాగ్రత్త కావాలి. జూన్‌లో 6:43కి సూర్యాస్తమయం, మీరు ఏడింటికి ఇల్లు చేరతారు, ఎనిమిదింటి దాకా వేళ ఉంది. కంగారు లేదు. నవంబరు, డిసెంబరుల్లో 5:35 ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు. మీరు 5:30కి బస్సెక్కితే వేళంతా దారిలోనే కరిగిపోతుంది. అందుకే మీకు చలికాలంలో మగ్రిబ్ దాదాపు రోజూ పోతోంది. ఆ రెండు మూడు నెలలూ ఆఫీసులోనే మూడు రకాత్‌ల ఫర్జ్, రెండు సున్నత్ చదివి తర్వాతి బస్సు ఎక్కండి. ఇంటికి ఓ అరగంట ఆలస్యమవుతుంది. ఆ అరగంట పిల్లలకు పాలు కలిపి ఇచ్చేది ఎవరు? చూశారా, మళ్లీ ఆయన దగ్గరికే వచ్చాం.

ఆయనతో మాట్లాడండి. అత్తగారి ముందు కాదు, తమ్ముడితో కబురు పెట్టీ కాదు. ఆదివారం ఇషా అయ్యాక, పిల్లలు పడుకున్నాక, ఆ టైంటేబుల్ ముందు పెట్టుకుని ఇద్దరే కూర్చోండి. ఏడవకండి, బతిమాలకండి, పాత లెక్కలు తీయకండి. మూడు పనులు ఆయన వంతు అని చెప్పండి. రాత్రి గిన్నెలు, వంటిల్లు సర్దడం ఆయనది, మీరు పదింటికి పడుకుంటారు. డిసెంబరులో ఫజర్ 5:15 నుంచి 6:30 దాకా ఉంటుంది, ఏడు గంటలు నిద్రపోయిన మనిషికి లేవడం కష్టం కాదు. చలికాలంలో ఏడున్నర దాకా పిల్లలు ఆయనవి. కొట్టులో కూర్చోబెట్టుకుంటారో, కుర్రాడికి కొట్టు అప్పగించి ఇంటికొస్తారో ఆయన ఇష్టం. మూడు రోజుల జమాత్‌కి వెళ్లే ముందు ఆ మూడు రోజులకూ ఇంటి ఏర్పాటు చేసి వెళ్లాలి. చేయని నెల వెళ్లవద్దని మీరు ఖచ్చితంగా చెప్పండి. దీన్ పని మీద వెళ్లే మనిషిని ఆపకూడదని ఎవరైనా అంటే, ఇంటివాళ్ల హక్కు కూడా దీనేనని చెప్పండి. ఆయన నవ్వేస్తే, గొడవ పెద్దది చేయకుండా మీ పెద్ద బావగారిని కూర్చోబెట్టండి. మీవారు బావగారి మాట వింటారని మీరే రాశారు.

రంజాన్‌లోనూ ఇదే చీలిక. మీరు మూడింటికి లేచి వండుతారు, సాయంత్రం బజ్జీలు, సమోసాలు వేయిస్తారు, ఆయన 20 రకాత్‌ల తరావీహ్‌కి (రంజాన్ రాత్రి నమాజుకు) వెళ్లిపోతారు. తరావీహ్ మీకూ సున్నతే, ఇంట్లోనే చదువుకోవచ్చు. ఖర్జూరం, నీళ్లు, పండు, ఏదో ఒక్క వంటకం, ఇఫ్తార్‌కి అది చాలు. సహెరీకి (తెల్లవారకముందు భోజనానికి) రాత్రిదే వేడి చేసుకోవచ్చు, ఆ పొయ్యి ఆయన వెలిగిస్తారు.

పాత బాకీల గురించి భయపడకండి. నెలసరి, బాలింత రోజుల నమాజులకు ఖజా లేదు, అవి తీసేయండి. మిగిలిన ప్రతి రోజుకీ ఐదు ఫర్జ్‌లు, ఇషా తర్వాత చదివే విత్ర్ కలిపి 20 రకాత్‌లు. సున్నత్‌లకు ఖజా లేదు. ప్రతి ఫర్జ్‌తో పాటు అదే పూట ఖజా ఒకటి చదవండి, "నా మీద మిగిలిన మొదటి జొహర్" అని నియ్యత్ (మనసులో సంకల్పం) చాలు. ఒక పుస్తకంలో గీతలు గీసుకోండి. రోజాలకు (ఉపవాసాలకు) మాత్రం నెలసరివి, పాలిచ్చే రోజుల్లో వదిలినవి అన్నిటికీ ఖజా ఉంది. వాటిని నవంబరు, డిసెంబరుల్లో పెట్టుకోండి, ఉపవాసం పన్నెండున్నర గంటలే ఉంటుంది. వరసగా ఉండనక్కర్లేదు, వారానికి ఒకటి చాలు. కాకపోతే ఖజా రోజాకు నియ్యత్ తెల్లవారకముందే ఉండాలి, పగలు అనుకుంటే కుదరదు.

చివరి పేజీలో 15 కాసుల బంగారం గురించి రాశారు, "జకాత్ (ఏటా ఇవ్వాల్సిన ధర్మదానం) ఆయనే చూసుకుంటారు" అని. ఆ నగలు మీవైతే జకాత్ మీ మీదే ఫర్జ్. 15 కాసులంటే 120 గ్రాములు, 87.48 గ్రాముల నిసాబ్ (జకాత్ విధి అయ్యే కనీస పరిమితి) దాటింది. చాంద్రమాన సంవత్సరం నిండగానే రెండున్నర శాతం, అంటే మూడు గ్రాముల ధర ఇవ్వాలి. మీ అనుమతితో ఆయన కట్టవచ్చు, కానీ ఏ తేదీన, ఎంత, ఎవరికి అన్నది మీకు తెలియాలి. ఎన్నేళ్లుగా కట్టారో ఆ ఆదివారమే అడగండి. కట్టని ఏళ్లు ఉంటే, దేనికది లెక్క రాసుకుని మీ జీతంలోంచే నెల నెలా తీర్చేయండి. ఆ నెలల్లో ఇంటి ఖర్చుకు మీరిచ్చేది అంతమేర తగ్గుతుందని ఆయనకు ముందే చెప్పండి.