పాత హార్మోనియం కొనబోయే మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాను. పెట్టె బాగుంది. పాలిష్ ఇంకా బాగుంది, నాకు అనుమానం వచ్చింది అందుకే. హార్మోనియాన్ని ఫొటో చూసి కొనడమంటే పుచ్చకాయని తట్టకుండా కొనడమే. తొందరపడి అడ్వాన్స్ పంపకు.

ఆదివారం పొద్దున్నే, వీధిలో చప్పుడు మొదలవకముందే వాళ్లింటికి వెళ్లు. వెళ్లగానే వాయించకు. పై మూత తీయించి లోపలికి ముక్కు పెట్టు. ఎలుక కంపు కొడితే తోలు చూడు. ప్రతి మెట్టు వెనకా గాలి రంధ్రాన్ని మూసే చిన్న చెక్క ఉంటుంది, దానికి అంటించిన మెత్తటి తోలంటే ఎలుకలకి ప్రాణం.

నాకు తెలియబట్టే చెబుతున్నా. ఓ తిరునాళ్లలో నాటకం. కాటిసీను నడుస్తోంది, హరిశ్చంద్రుడు ఆరున్నర శ్రుతిలో (ఈ అంకెల లెక్క కింద చెబుతాను) పద్యం ఎత్తుకున్నాడు. నేను నాలుగో శ్రుతి మెట్టు నొక్కి వేలు తీశాను. మోత ఆగలేదు. మెట్టుని కింద నుంచి పైకి తోశాను, పెట్టెని చేత్తో చరిచాను, ఊహూ. గాలి కొట్టే తిత్తి ఆపితే పద్యానికి ఆసరా పోతుంది, ఆపకపోతే ఇది కూస్తూనే ఉంటుంది. నా అదృష్టం, ఆరున్నరకి నాలుగు పంచమం, అంటే దానితో చక్కగా కలిసే స్వరం. కూత శ్రుతిలో కలిసిపోయింది. నాటకమయ్యాక ఒక పెద్దాయన వచ్చి, "ఇవాళ శ్రుతి భలే నిలబెట్టావయ్యా" అని భుజం తట్టి వెళ్లాడు. ఇంటికొచ్చి విప్పి చూస్తే ఆ చెక్కకి సగం తోలే ఉంది. ఐదో మెట్టు ఇరుక్కుని ఉంటే ఆ రాత్రి నా బతుకేమయ్యేదో!

వాసన చూశాక గాలి చూడు. స్టాపర్లన్నీ, అంటే రీడ్లకి గాలి వదిలే ముందువైపు గుబ్బలన్నీ మూసి, మెట్టేదీ నొక్కకుండా తిత్తి కొట్టు. మూడు నాలుగుసార్లు కొట్టేసరికి లోపల గాలి నిండి నీ చేతికి ఎదురు తన్నాలి. ఎంత కొట్టినా మెత్తగా పోతోందంటే ఎక్కడో లీకుంది. తర్వాత ఒక స్టాపర్ తెరిచి చెవి దగ్గర పెట్టు. మెట్టు నొక్కకుండానే ఏదైనా కూస్తే నా కాటిసీను గుర్తు తెచ్చుకో.

ఇక ఎడమ చివరి నుంచి ఒక్కో మెట్టూ నొక్కుతూ రా. గాలి బాగా మెల్లగా ఇవ్వు. గట్టిగా కొడితే ఏ రీడైనా, అంటే లోపల మోగే ఏ ఇత్తడి నాలుకైనా, పలుకుతుంది. ఒకటో రెండో మూగగా ఉంటే భయపడకు. రీడ్‌లో దుమ్ము నలుసో, తలవెంట్రుకో ఇరుక్కుని ఉంటుంది, పల్చటి కాగితం దూర్చి మెల్లగా లాగితే మళ్లీ పలుకుతుంది. దాన్ని చూపించి ధర తగ్గించమని అడిగితే మాత్రం నేను వద్దనను. "ఇవి పాలిటానా రీడ్లండీ" అని వాళ్లు అంటారు. గుజరాత్‌లోని ఆ ఊరి రీడ్లకి నిజంగానే పేరుంది. కాకపోతే నేను బేరమాడిన ప్రతి పాత పెట్టెలోనూ అవే ఉన్నాయట.

శ్రుతి తేడాగా ఉందని యూట్యూబ్ చూసి ఆకురాయి మాత్రం పట్టుకోకు. రీడ్ కొస గీస్తే తేలికై శ్రుతి పెరుగుతుంది, మొదలు గీస్తే పట్టు సడలి తగ్గుతుంది. పెరిగిందని మొదలూ, తగ్గిందని కొసా గీసుకుంటూ పోయి నేను మూడు రీడ్లు విరగ్గొట్టాను. మరమ్మతు తెలిసినవాడికివ్వు.

మీ వయొలిన్ మాస్టారు హార్మోనియం మన సంగీతానికి పనికిరాదన్నారని రాశావు. ఆయన మాటలో నిజం ఉంది. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి స్వరం జారదు, గమకం పలకదు. ఠాగూర్‌కి కూడా ఇది గిట్టేది కాదు. ఆలిండియా రేడియోలో 1940 మార్చి నుంచి దీన్ని నిషేధించారు, 1971లో గానీ సడలించలేదు. ముప్పై ఏళ్ల పైచిలుకు! తమాషా ఏమిటంటే, దీన్ని తిట్టినవాళ్లలో ముందున్నది ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసే జాన్ ఫౌల్డ్స్ అనే ఇంగ్లిష్ సంగీతకర్త. 1842లో పారిస్‌లో దెబేన్ పేటెంట్ తీసుకున్న వాద్యం ఇది. తర్వాత కలకత్తాలో కాలి తొక్కుడు తీసేసి, కింద కూర్చుని వాయించేందుకు చేతి తిత్తి పెట్టారు. అలా మన చాపమీదికి వచ్చాక, మీకిది పనికిరాదని తెల్లవాడే చెప్పాడు.

కానీ మాస్టారిని ఒక్కమాట అడుగు, "మీ శ్రుతి ఎంతండీ?" అని. ఒకటిన్నరో, రెండో అంటారు. ఆ లెక్క ఎక్కడిది? తెల్లమెట్లు ఒకటి, రెండు, మూడు; మధ్యలో నల్లమెట్లు అర. ఈ పెట్టె మీద లెక్కే. మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి లేదు. నాటకాల్లో కొత్త కుర్రాణ్ణి "మూడున్నర పెట్టరా" అని పంపి, వాడు మెట్లు లెక్కపెట్టుకుంటుంటే నవ్వుకునేవాళ్లం. నన్నూ అలా వెతికించారులే.

నీకు కావలసింది భజనలకీ పద్యాలకీ కాబట్టి నిశ్చింతగా కొనుక్కో. గమకాల మీద మనసు పోతే అప్పుడు మాస్టారి దగ్గర వయొలిన్ పట్టుకో. మెట్ల వరసని జరిపి శ్రుతి మార్చే స్కేల్ చేంజర్ ఉన్నది వద్దు, పాతబడితే అందులో మరమ్మతులు ఎక్కువ.

ఆదివారం అక్కడికి వెళ్లగానే నాకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టు. నాలుగో శ్రుతి మెట్టు నొక్కి వదులు. ముందు అది ఆగుతుందో లేదో వింటాను.

మీ మామయ్య